మార్కెట్ సర్వేకి సమాచారం మనమే సేకరించుకోవడం ఎలా? తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం

"అన్నా, గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్‌లో పెట్టాం, 150 మంది నింపారు. సరిపోతుందా?" తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో సగం మంది ఎంబీఏ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు. మిగతావాళ్లు దాచుకున్న డబ్బుతోనో, బ్యాంకు లోనుతోనో చిన్న షాపు పెట్టాలనుకునేవాళ్లు. పిల్లలకు తేడా వస్తే పోయేది మార్కులు, షాపు పెట్టేవాళ్లకు పోయేది ఇంటి డబ్బు. పని మాత్రం ఇద్దరికీ ఒకటే కాబట్టి అందరికీ ఒకేచోట రాస్తున్నాను.

150 సరిపోతుందా అని అడిగే ముందు ఆ 150 మంది ఎవరు, వాళ్లను మీరేం అడిగారు అన్నది చూడాలి. స్నేహితులను, చుట్టాలను "మేం షాపు పెడితే వస్తారా?" అని అడిగితే 1,500 మంది నింపినా ప్రయోజనం లేదు. ఈ వ్యాసంలో ఏ మెట్టు మరిచిపోయినా ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: జనం "చేస్తాం" అని చెప్పేదానికన్నా ఇప్పటికే చేసినదాన్ని నమ్మండి. కింద రాసే పద్ధతులన్నీ దాన్ని బయటికి తీయడానికే.

చెప్పడం తేలికవుతుందని ఒకే ఉదాహరణ తీసుకుంటాను. మీరు తిరుపతి బాలాజీ కాలనీ వైపు రాగి, కొర్ర, సజ్జలతో చేసే టిఫిన్ల షాపు పెట్టాలనుకుంటున్నారు. మీది పాల వ్యాపారమైనా, మామిడి తాండ్ర అయినా, హాస్టల్ అయినా మెట్లు ఇవే.

కావలసినవి

- పరీక్ష అట్ట, ప్రింట్ తీసిన ఫారాలు, రెండు పెన్నులు. ఫోన్‌లోనే నింపినా కొన్ని కాగితం ఫారాలు దగ్గర పెట్టుకోండి.
- ఒక చిన్న నోట్‌బుక్. ఫారంలో పట్టని మాటలన్నీ ఇందులోకే.
- ఫోన్, పవర్ బ్యాంక్.
- కాలేజీ ఐడీ కార్డు, గైడ్ సంతకంతో ఒక లెటర్. షాపు పెట్టేవాళ్లయితే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు.
- తోడుగా ఒక మనిషి. తమిళం వచ్చినవాళ్లయితే మరీ మంచిది. ఎందుకో తర్వాత చెబుతాను.
- కనీసం రెండు వారాల సమయం. నాలుగు రోజుల్లో ముగించాలనుకుంటే సర్వే మానేసి 1, 4, 5 మెట్లు మాత్రం శ్రద్ధగా చేయండి. హడావిడిగా నింపించిన 200 ఫారాలకన్నా అదే మేలు.

1. తీసుకోబోయే నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"తిరుపతిలో చిరుధాన్యాల మార్కెట్ గురించి తెలుసుకోవాలి" అని రాస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియదు. ఇలా రాయండి: "బాలాజీ కాలనీ దగ్గర పొద్దున 6 నుంచి 10 వరకు నడిచే చిరుధాన్యాల టిఫిన్ షాపు పెట్టాలా, వద్దా? పెడితే ప్లేటు ఎంతకు అమ్మాలి?"

దాని కిందే ఇంకో వాక్యం: "రోజుకు ఇన్ని ప్లేట్లు పోతాయని తేలితే పెడతాను, ఇంతకన్నా తక్కువైతే మానుకుంటాను." అద్దె, మాస్టర్ జీతం, గ్యాస్ లెక్కేస్తే ఆ సంఖ్య మీకే తెలుస్తుంది. దీన్ని సర్వేకి ముందే రాసి తేదీ వేయండి. ఫలితాలు చూశాక రాస్తే, మనసులో ఉన్న కోరికకు తగ్గట్టు సంఖ్య జరిగిపోతుంది.

2. ఎవరి గురించి తెలుసుకోవాలో విడదీయండి

తిరుపతిలో ఈ మెట్టు మిగతా ఊళ్లకన్నా కష్టం. పొద్దున ఏడింటికి ఒకే రోడ్డు మీద ఊళ్లో కాపురముండేవాళ్లు, యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, రుయా, స్విమ్స్‌లో రోగులకు తోడుగా వచ్చినవాళ్లు, కొండకు వెళ్లే భక్తులు కనిపిస్తారు. నలుగురూ టిఫిన్ తినేవాళ్లే. కానీ హాస్టల్ పిల్లలు నెలాఖరుకు చేయి బిగిస్తారు. ఆసుపత్రి దగ్గరివాళ్లు పార్సిల్ అడుగుతారు. భక్తులు ఇవాళ ఉంటారు, రేపు వాళ్ల ఊళ్లో ఉంటారు. కాపురస్థులు నచ్చితే ఏళ్లతరబడి వస్తారు. నలుగురినీ కలిపి సగటు తీస్తే వచ్చే మనిషి తిరుపతిలో ఎక్కడా ఉండడు. మీకు ఎవరు ముఖ్యమో ఇద్దరిని ఎంచుకుని, వాళ్ల ఫారాలు వేరువేరుగా పెట్టండి.

తేదీలు కూడా చూసుకోండి. శనివారం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, వరుస సెలవులు వచ్చే వారాంతాలు మామూలు రోజులు కావు. కాలేజీ సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ. అలాంటి రోజుల్లో తెచ్చిన లెక్క తప్పని కాదు, దాన్ని మామూలు రోజుల లెక్కలో కలపకూడదంతే.

చిత్తూరు వైపు మామిడి రైతులను అడగాలంటే జూన్, జూలైల్లో తోటల దగ్గరికి వెళ్లి ప్రయోజనం లేదు, కోతల్లో ఉంటారు. బంగారుపాళ్యం, దామలచెరువు మండీల దగ్గరో, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరసలోనో దొరుకుతారు. అక్కడ మాట్లాడటానికి వాళ్లకు టైం ఉంటుంది. ఒక్క జాగ్రత్త: 2025 సీజన్‌లోలా బెంగుళూరా (తోతాపురి) మామిడి ధర పడిపోయిన రోజుల్లో మిమ్మల్ని ఫ్యాక్టరీ మనిషనో, గవర్నమెంటు మనిషనో అనుకుంటారు. దిగుబడి, ఖర్చు అంకెలు దానికి తగ్గట్టే చెబుతారు. అప్పుడు ఆ అంకెలు అడక్కండి. ఎక్కడ అమ్మారు, డబ్బు ఎన్నాళ్లకు చేతికొచ్చింది అని అడగండి.

ఇంకోమాట. జనాభా కోసం 2011 లెక్కలు తీసేవాళ్లు చూసుకోండి, తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో వేరుపడింది. అప్పటి "చిత్తూరు జిల్లా" అంకెలు ఇప్పటి జిల్లాకు అతకవు. మండలాలవారీగా తీసి కూడుకోవాలి.

3. ప్రశ్నకు తగిన పద్ధతి ఎంచుకోండి

"ఎంతమంది?" అన్నదానికి నిలబడి లెక్కపెట్టాలి. "ఎందుకు?" అన్నదానికి కూర్చుని మాట్లాడాలి. "నూటికి ఎందరు?" అన్నదానికి ఫారంతో సర్వే చేయాలి. "ఈ ధరకు కొంటారా?" అన్నదానికి అమ్మి చూడటమొక్కటే దారి. చాలామంది ఈ నాలుగింటినీ ఒకే గూగుల్ ఫామ్‌లో అడిగేస్తారు. అందుకే ఏ ఒక్కదానికీ జవాబు రాదు.

చేసే వరస కూడా ఇదే: లెక్క, మాట, ఫారం, అమ్మకం. ఫారంతో మొదలుపెడితే, ఏం అడగాలో తెలియకుండానే అడిగినట్టవుతుంది.

4. నిలబడి లెక్కపెట్టండి

అన్నింటికన్నా చవకైనది, అన్నింటికన్నా తక్కువమంది చేసేది ఇదే. నోరు తెరవకుండా చేసే పని కాబట్టి, ఎదుటివాళ్లు మర్యాద కోసం అబద్ధం చెప్పే అవకాశమే లేదు.

మీరు అద్దెకు తీసుకోవాలనుకునే షాపు ముందు, దానికి దగ్గర్లో బాగా నడుస్తున్న ఒక టిఫిన్ సెంటర్ ముందు, రెండు చోట్ల నిలబడండి. పొద్దున 6 నుంచి 10 వరకు గంటకు 15 నిమిషాలు చొప్పున చాలు. మనిషికో గీత, నాలుగు నిలువు గీతల మీద అయిదోది అడ్డంగా. ఒక మామూలు పనిరోజు, ఒక శనివారం, ఒక ఆదివారం, మూడూ చేయండి.

రాయాల్సినవి: ఎంతమంది నడిచి పోయారు, ఎంతమంది లోపలికి వచ్చారు, ఎంతమంది పార్సిల్ కట్టించుకున్నారు, ఎంతమంది రద్దీ చూసి వెనక్కి తిరిగారు. ఈ చివరిది చాలామంది రాయరు. పక్క షాపు వదిలేసుకుంటున్న గిరాకీ అదే, రేపు మీకు మొదట వచ్చేది వాళ్లే కావచ్చు.

తర్వాత లోపల కూర్చుని ఒక కాఫీ తాగుతూ ప్లేట్లు చూడండి. ఏం తిన్నారు, ఏం వదిలేశారు? పిల్లలతో వచ్చినవాళ్లు ఏం చెప్పారు? పచ్చడి రెండోసారి వేయించుకున్నారా? అప్పుడప్పుడే నోట్‌బుక్‌లో రాసుకోండి, సాయంత్రానికి గుర్తుండదు.

ఎక్కువగా జరిగే పొరపాటు, ఎవరిని లెక్కపెట్టాలో ముందు తేల్చుకోకపోవడం. ఆటోలో పోయేవాళ్లను కలపాలా? రోడ్డుకు అవతలి పక్క నడిచేవాళ్లను? ఒకే మనిషి రెండుసార్లు కనిపిస్తే? ముందే రాసుకోండి. సరిచూసుకోవడానికి మీరు, మీ తోడు ఒకే 15 నిమిషాలు విడివిడిగా లెక్కపెట్టి పోల్చండి. నూటికి పదికన్నా తేడా వస్తే ఇద్దరూ వేరువేరు మనుషులను లెక్కపెడుతున్నట్టే.

షాపు లోపల కూర్చునేటప్పుడు యజమానికి చెప్పి కూర్చోండి. తినేవాళ్ల ఫొటోలు తీయొద్దు.

ప్యాకెట్‌లో అమ్మే సరుకైతే మనుషులను కాకుండా షెల్ఫును లెక్కపెట్టండి. కిరాణా కొట్టులో పొద్దున ఎన్ని దోసె పిండి ప్యాకెట్లు పెట్టారు, రాత్రికి ఎన్ని మిగిలాయి? షాపాయనను బతిమాలుకుని ఒక వారం రాయించుకుంటే, వంద మందిని అడిగినా తెలియని సంగతి తెలుస్తుంది.

5. పది, పన్నెండు మందితో తీరిగ్గా మాట్లాడండి

ఫారం పట్టుకుని కాదు, ఊరికే కూర్చుని. ఒక్కొక్కరితో అరగంట దాకా. ప్రతి గుంపు నుంచీ పది, పన్నెండు మందితో మాట్లాడితే, ఒక దశలో కొత్త మాట రావడం ఆగిపోతుంది. అప్పుడు ఆపొచ్చు.

అడిగే తీరులోనే అంతా ఉంది. తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటి ముందు కూర్చుని ఇలా అడిగారనుకోండి:

"అక్కా, రాగి దోసె షాపు పెడితే కొంటారా?"

"ఆ, కొంటాం నాయనా. ఆరోగ్యానికి మంచిదే కదా."

మీరు ఫారంలో "కొంటారు" అని టిక్కు పెట్టుకుని వచ్చేస్తారు. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఎండలో నిలబడి అడుగుతున్న పిల్లాణ్ని నొప్పించడం ఇష్టం లేక మంచిమాట చెప్పింది. ఇప్పుడు అదే ఇంటి ముందు ఇలా అడగండి:

"అక్కా, పోయిన వారం ఇంట్లో రాగులతో ఏమైనా చేసినారా?"

"ఒక దినం సంగటి చేసినా. పెద్దోళ్లం తిన్నాం, పిల్లోళ్లు ముట్టలేదు."

"మరి పిల్లోళ్లు ఏం తిన్నారక్కా?"

"వాళ్ల నాయన బండి కాడ ఇడ్లీ కట్టించుకొచ్చినాడు."

నాలుగు మాటల్లో ఎన్ని సంగతులు బయటపడ్డాయో చూడండి. రాగి ఆ ఇంట్లో ఉంది, కానీ వండుకుంటారు, కొనరు. బయట కొనేది పిల్లల కోసం. కొనేది నాయన. కొన్నది షాపులో కాదు, బండి దగ్గర, పార్సిల్. మీ ఫారంలో అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడే పుట్టాయి. ఫారం నింపాల్సింది అక్క ఒక్కతే కాదని, ఇంటాయన కూడా అని కూడా తేలింది.

కాబట్టి "కొంటారా, ఇష్టమా, వస్తారా" అన్న ప్రశ్నలు పక్కన పెట్టి వీటిని వాడండి:

- నిన్న పొద్దున ఏం తిన్నారు? ఎక్కడ?
- బయట తిని ఎన్ని రోజులైంది? ఆరోజు ఎందుకు తినాల్సొచ్చింది?
- ఎంతైంది? డబ్బులు ఎవరిచ్చారు?
- అంతకుముందు వెళ్లే చోటు మానేశారా? ఎందుకు?

"ఎందుకు" అని నేరుగా అడిగితే కొందరికి తప్పు పట్టినట్టుంటుంది. "ఆరోజు ఏం జరిగింది, కొంచెం చెప్పండి" అంటే చెప్పుకుంటూ పోతారు. మీరు ప్రశ్న వేశాక ఎదుటివాళ్లు ఆలోచిస్తుంటే ఆగండి. ఆ రెండు క్షణాలు ఓర్చుకోలేక మనమే "రేటెక్కువనా?" అని అందిస్తాం, వాళ్లు "అవును" అంటారు. అది వాళ్ల జవాబు కాదు, మీది.

వయసును బట్టి అన్నా, అక్కా, పెద్దాయనా అని పిలవండి. మాల వేసుకున్నవాళ్లను, భక్తులను స్వామీ అనండి. సార్, మేడమ్ అని మొదలుపెడితే ఆఫీసు మాటలే వస్తాయి.

భాష సంగతి. కొండకు వచ్చే భక్తుల్లో తమిళులు చాలామంది. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇళ్లలో తమిళం, కుప్పం, పలమనేరు వైపు తమిళంతో పాటు కన్నడం వినిపిస్తాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్లు అంతటా ఉన్నాయి. వచ్చీరాని భాషలో అప్పటికప్పుడు తర్జుమా చేసి అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న వెళుతుంది. ఆ భాష బాగా వచ్చినవాళ్లతో ముందే రాయించుకోండి. రాసినదాన్ని ఇంకొకరికిచ్చి తిరిగి తెలుగులో చెప్పించుకుంటే, అర్థం మారిందో లేదో తెలిసిపోతుంది.

రికార్డు చేయాలంటే అడిగి చేయండి. వద్దంటే ఫోన్ బోర్లా పెట్టి నోట్‌బుక్ తీయండి.

గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి కూడా ఉంది, ఫోకస్ గ్రూప్ అంటారు. ఆరు నుంచి ఎనిమిది మంది, గంటా గంటన్నర. పేరు, ప్యాకెట్ డిజైన్ లాంటివి ఎంచుకోవడానికి పనికొస్తుంది, ఎంతమంది కొంటారో తేల్చడానికి పనికిరాదు. రైతును, అతని సరుకు కొనే వ్యాపారిని ఒకే గుంపులో కూర్చోబెట్టొద్దు. ధర అడిగేటప్పుడు ముందు అందరితో చీటీ మీద రాయించి, తర్వాతే మాట్లాడించండి. లేకపోతే మొదట మాట్లాడినాయన చెప్పిన ధరే అందరిదీ అవుతుంది.

6. ఫారం తయారుచేయండి

పది, పన్నెండు ప్రశ్నలు, అయిదు నిమిషాలు. అంతకన్నా పొడుగైతే చివరి ప్రశ్నలకు చూడకుండా టిక్కులు పెడతారు. మొదటి ప్రశ్న ఈ మనిషి మనకు కావాల్సిన మనిషో కాదో తేల్చాలి: "మీరు ఉండేది తిరుపతిలోనేనా? నెలరోజుల్లో బయట టిఫిన్ తిన్నారా?" తర్వాత తేలికైనవి. వయసు, ఆదాయం చివర్లో. కులం, మతం మీ నిర్ణయానికి అవసరం లేకపోతే అసలు అడక్కండి.

నాకు చూపించే ఫారాల్లో ఎక్కువగా కనిపించే తప్పులు:

"రుచి, ధర బాగున్నాయా?" రుచి బాగుండి ధర బాగాలేకపోతే ఏం రాయాలి? రెండు ప్రశ్నలు చేయండి.

"వయసు: 20–30, 30–40." ముప్పై ఏళ్ల మనిషి ఎక్కడ టిక్కు పెట్టాలి? 20–29, 30–39 అని రాయండి.

"తరచుగా బయట తింటారా?" ఒకరికి తరచుగా అంటే రోజూ, ఇంకొకరికి నెలకు రెండుసార్లు. "గడిచిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు?" అనండి.

"ఆరోగ్యానికి ఎంతో మేలు చేసే చిరుధాన్యాలంటే మీకు ఇష్టమేనా?" ఇది ప్రశ్న కాదు, ప్రకటన.

"తెలియదు", "చెప్పడం ఇష్టం లేదు" అన్న గడులు తప్పకుండా పెట్టండి. అవి లేకపోతే జనం ఏదో ఒకటి కొట్టేస్తారు.

ఫారం పూర్తయ్యాక ప్రింటుకు ఇచ్చేయకండి. ముందు ఎనిమిది, పది మంది మీద పరీక్షించండి. 1930లలో బెంగాల్లో జనపనార సాగు లెక్క తీయడానికి మహలనోబిస్ పెద్ద సర్వేకి ముందు చిన్న సర్వేలు చేసి లోపాలు దిద్దుకున్నారు. మన దేశంలో సర్వేలకు దారి చూపిన మనిషే ఆ జాగ్రత్త తీసుకుంటే మనం తీసుకోకపోవడం ఏమిటి? ప్రశ్న చదవగానే "అంటే?" అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న మార్చాలి. ఇద్దరు అడిగితే తీసేయాలి.

7. ఎవరిని, ఎంతమందిని అడగాలి

మనుషులను చీటీ వేసినట్టు ఎంచుకుంటే, వంద మందిని అడిగిన లెక్కకు నూటికి పది దాకా అటూ ఇటూ తేడా ఉండొచ్చు. వందలో 40 మంది బయట తింటామన్నారంటే అసలు సంఖ్య 30, 50 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ తేడా అయిదుకు తగ్గాలంటే 385 మంది కావాలి. ఊరి జనాభా లక్షల్లో ఉంటే ఈ సంఖ్య పెద్దగా మారదు. విద్యార్థులను, కాపురస్థులను పోల్చాలంటే మాత్రం ఒక్కో గుంపు నుంచి వంద తెచ్చుకోండి.

"చీటీ వేసినట్టు" అన్నదే అసలు సంగతి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి బ్యాలట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని రాసింది, 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్ గెలిచాడు. చిరునామాలు చాలావరకు టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి తీశారు, పైగా తిరిగి పంపే ఓపిక ఉన్నవాళ్లే పంపారు. మీ వాట్సాప్ గ్రూపు కూడా అలాంటి జాబితానే.

ఇళ్ల దగ్గరైతే ఇలా చేయండి. వీధుల పేర్లు చీటీలు రాసి తీయండి. వీధిలో మొదటి ఏడిళ్లలో ఒకదాన్ని చీటీతో ఎంచుకుని, అక్కడి నుంచి ప్రతి ఏడో ఇల్లు. తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లిపోకండి, రాసుకుని ఇంకోపూట రండి. తాళం వేసి ఉన్న ఇళ్లంటే ఎక్కువగా ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లే, బయట టిఫిన్ ఎక్కువ కొనేదీ వాళ్లే. పగలు మాత్రమే తిరిగితే ఇంటి పట్టున ఉండేవాళ్ల మాటే మీ సర్వే అవుతుంది. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం పొద్దున తిరగండి.

రోడ్డు మీదైతే ఒక గీత అనుకుని, దాన్ని దాటే ప్రతి పదో మనిషిని అడగండి. మెత్తగా కనిపించే ముఖాలను వెతుక్కోకండి. కాదన్నవాళ్లనూ లెక్కపెట్టండి, ఆ సంఖ్య తర్వాత కావాలి.

గూగుల్ ఫామ్ ఎక్కడ పనికొస్తుందంటే, పూర్తి జాబితా మీ చేతిలో ఉన్నప్పుడు. ఒక హాస్టల్‌లో ఉన్న అందరూ, మీ పాత కస్టమర్లందరూ. గ్రూపులో పడేయకుండా విడివిడిగా పంపి, రెండు రోజులాగి నింపనివాళ్లకు ఫోన్ చేయండి. సిగ్నల్ సరిగా లేని పల్లెల్లో కోబోకలెక్ట్ అనే యాప్ వాడొచ్చు. నెట్ లేకపోయినా ఫోన్‌లో నింపుకుని తర్వాత పంపొచ్చు.

8. జనంలోకి వెళ్లినప్పుడు

మొదటి మాట ముందే రాసుకుని, అందరితో అదే చెప్పండి: "నమస్కారం అన్నా. నా పేరు ఫలానా, ఫలానా కాలేజీ. పొద్దున టిఫిన్ల గురించి అయిదు నిమిషాలు అడగాలి. ఏమీ అమ్మడానికి రాలేదు, పేరు రాయను. ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చు." కార్డు చూపించండి. షాపు మీదైతే ఆ మాట దాచొద్దు, అయితే అన్నీ అడిగాక చెప్పండి. ముందే చెబితే మళ్లీ మంచిమాటలే వస్తాయి.

భక్తులను అడగాలంటే కొండ ఎక్కేముందు ఆపకండి. దర్శనం టోకెన్, రూము, సామాను, పిల్లలు, ఆ టెన్షన్‌లో ఎవరికీ ఏమీ గుర్తురాదు. దర్శనం అయిపోయి లడ్డూ సంచులతో బస్సు కోసం కూర్చున్నవాళ్లు తీరిగ్గా, సంతోషంగా మాట్లాడతారు. తిరుమలలో, ఆలయాల దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారం మీద, ఆసుపత్రి లోపల అనుమతి లేకుండా సర్వే చేయొద్దు. వార్డు బయట ఏడుపు ముఖంతో ఉన్న మనిషిని టిఫిన్ గురించి అడగడం ఏ అనుమతి ఉన్నా తప్పే.

18 ఏళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా అడక్కండి. ఫోన్ నంబరు ఇస్తేనే తీసుకోండి, ఎందుకో చెప్పి తీసుకోండి. వ్యక్తిగత సమాచారం మీద 2023లో వచ్చిన చట్టం ఉంది. చట్టం లేకపోయినా, నమ్మి ఇచ్చిన నంబరును ప్రకటనలు పంపడానికి వాడటం మోసం. నంబర్లు జవాబుల ఫారం మీద కాకుండా వేరే కాగితం మీద, వరస సంఖ్యతో రాసుకోండి.

9. కొద్దిగా అమ్మి చూడండి

ఇక్కడిదాకా వచ్చినవి మాటలు, లెక్కలు. డబ్బు చేతులు మారితేగానీ ధర తేలదు. సొంతంగా బండి పెట్టాలంటే ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, కార్పొరేషన్ నిబంధనలు ఉంటాయి, ముందు అవి చూసుకోండి. తేలికైన దారి, ఇప్పటికే నడుస్తున్న టిఫిన్ సెంటర్‌లో యజమానితో మాట్లాడి రెండు వారాలు ఒక ఐటం పెట్టించడం. మొదటి వారం ఒక ధర, రెండో వారం ఇంకో ధర. సోమవారాన్ని సోమవారంతో, శనివారాన్ని శనివారంతో పోల్చండి. ఎన్ని పోయాయి అన్నదానికన్నా, మొదటిరోజు తిన్నవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారు అన్నది చూడండి.

ఊరికే రుచి చూపించి "ఎలా ఉంది?" అని అడగడం దీనికి బదులు కాదు. 1985లో కోకా-కోలా కంపెనీ దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించాకే కొత్త కోక్ తెచ్చింది. జనం గొడవ చేస్తే మూడు నెలలు తిరక్కుండానే పాతదాన్ని మళ్లీ తేవాల్సొచ్చింది. పాతది ఇక దొరకదంటే ఏమనుకుంటారో ఆ పరీక్షలు చెప్పలేకపోయాయి. రుచి పరీక్ష చేయాల్సొస్తే రెండు కప్పుల మీద పేర్లు రాయకండి, సగం మందికి ఒకటి ముందు, మిగతా సగానికి ఇంకొకటి ముందు ఇవ్వండి, మధ్యలో నీళ్లు తాగించండి.

10. వచ్చినదాన్ని సరిచూసుకోండి

ఏరోజు ఫారాలు ఆరోజు రాత్రే చూడండి. ఖాళీలు, ఒకదానికొకటి పొసగని జవాబులు అప్పుడే పట్టుకోవాలి. "బయట తినను" అన్న మనిషి వారానికి 300 రూపాయలు ఖర్చు రాశాడంటే మళ్లీ అడగాలి.

స్నేహితులతో నింపిస్తుంటే పదిలో ఒక ఫారానికి మీరే ఫోన్ చేసి రెండు ప్రశ్నలు మళ్లీ అడగండి. అన్నీ ఒకే గడిలో టిక్కులు, పది ఫారాలు పది నిమిషాల్లో నిండటం, ఒకే చేతిరాత, ఇవి కనిపిస్తే ఆ కట్ట మొత్తం పక్కన పెట్టండి.

ఇంకో గట్టి పరీక్ష ఉంది, ఇదీ మహలనోబిస్ నేర్పిందే. ఒకే ప్రాంతంలో ఇళ్లను చీటీలతో రెండు వాటాలు చేసి ఇద్దరికి పంచండి. ఇద్దరి ఫలితాలు దగ్గర్లో ఉండాలి. ఒకరికి నూటికి 20, ఇంకొకరికి 55 వస్తే తేడా జనంలో లేదు, అడిగే తీరులో ఉంది.

చివరగా నాలుగు పద్ధతుల ఫలితాలు పక్కపక్కన రాయండి. ఉదాహరణకు వంద మంది కాపురస్థుల్లో 60 మంది కొంటామన్నారు, కానీ నెలరోజుల్లో బయట చిరుధాన్యాల టిఫిన్ ఏదైనా నిజంగా కొన్నవాళ్లు 12 మంది అనుకోండి. మీ లెక్క 12 మీద వేసుకోండి. అమ్మి చూసినప్పుడు అంతకన్నా తక్కువ తేలితే ఆ తక్కువనే తీసుకోండి. ఏవి పొసగకపోయినా ముందు అమ్మకాన్ని, తర్వాత మీరు నిలబడి పెట్టిన లెక్కను, తర్వాత వాళ్లు చేశామన్నదాన్ని నమ్మండి. "చేస్తాం" అన్నది అన్నిటికన్నా చివర. అప్పుడు 1వ మెట్టులో తేదీ వేసి రాసిన కాగితం తీసి, ఆ సంఖ్య దాటిందో లేదో చూసుకోండి.

ప్రాజెక్టు పిల్లలకు: ఎన్ని ఇళ్లు తట్టారు, ఎన్నిటికి తాళం, ఎంతమంది కాదన్నారు, ఏ తేదీల్లో, ఏ వేళల్లో తిరిగారు, ఇవన్నీ రిపోర్టులో రాయండి. కాదన్నవాళ్లు ఎక్కువగా ఉన్నారని దాచొద్దు, వైవాలో అడిగేది దాన్నే. ఫారాలు వైవా అయ్యేదాకా వరస సంఖ్యతో కట్టగట్టి ఉంచండి. ఫోన్ నంబర్ల కాగితం మాత్రం, మళ్లీ ఫోన్ చేసి సరిచూసుకోవడం అయిపోయిన రోజే చించేయండి.